ఈ అభిప్రాయం మనకెక్కడిది?

2010లో స్వీడన్‌లో ఎన్నికలు దగ్గర పడ్డాక కొందరు పరిశోధకులు బయట కనిపించిన ఓటర్లను ఆపి ఒక సర్వే ఫారం చేతికిచ్చారు. అక్కడ అసలు పోటీ రెండు కూటముల మధ్య, ఒకటి వామపక్షం వైపు, ఇంకోటి కుడిపక్షం వైపు. ఫారంలో ఆ రెండు కూటములూ బొత్తిగా విభేదించే 12 అంశాలున్నాయి. ఒక్కో అంశంతో ఎంతవరకు ఏకీభవిస్తారో గుర్తు పెట్టాలి. ఓటరు గుర్తులు పెడుతుంటే పరిశోధకుడు అవి చూస్తూ, అలాంటిదే ఇంకో ఫారం తీసుకుని అందులో అవతలి కూటమి వైపు మొగ్గే జవాబులు గుట్టుగా నింపేసేవాడు. తర్వాత గారడీవాళ్లకుండే ఒడుపుతో ఆ మార్చిన కాగితాన్ని అసలు జవాబుల మీదకు చేర్చి, ఫారం మళ్లీ ఓటరు ముందు పెట్టి, ఇక్కడ ఇలా గుర్తు పెట్టారు కదా, ఎందుకో కాస్త చెప్తారా అని అడిగేవాడు.

మార్చిన జవాబుల్లో ఓటర్లు పసిగట్టినవి 22 శాతానికి మించలేదు. మిగతావి, అంటే తాము చెప్పిందానికి తిరగేసి ఉన్న జవాబులు, తమవేనని నమ్మి వాటికి కారణాలు కూడా చెప్పారు. అన్నీ కలిపి లెక్కేసి మీరు ఫలానా వైపు ఉన్నారని చూపిస్తే 92 శాతం మంది ఆ లెక్కను ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఓటు గురించి మళ్లీ అడిగితే 48 శాతం దాకా అవతలి కూటమి వైపు మారే విషయం ఆలోచించడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇది చదివి ఆ జనాన్ని చూసి జాలిపడటం తేలిక. మొదటిసారి చదివినప్పుడు నాకూ అదే అనిపించింది, కానీ ఆ రాత్రి ఒక పని చేశాను. ఒక తెల్ల కాగితం తీసుకుని, నాకు గట్టిగా ఉన్న రాజకీయ అభిప్రాయాలన్నీ ఒకదాని కింద ఒకటి రాశాను. 14 వచ్చాయి. ఒక్కోదాని పక్కన అది నాకు ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చిందో రాయాలని నా ఉద్దేశం. ఐదింటి పక్కన మా నాన్న పేరు రాయాల్సి వచ్చింది. మూడింటి పక్కన కాలేజీ రోజుల్లో నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడి పేరు. రెండు మాత్రం నా సొంత అనుభవంలోంచి వచ్చినవి, ఒక ఆఫీసులో ఒక్క సంతకం కోసం నెలల తరబడి తిరగడం వాటిలో ఒకటి. ఒకదాని పక్కన మా బడిలో పాఠం చెప్పిన మాస్టారు. మిగిలిన మూడింటి పక్కన ఏం రాయాలో తోచలేదు. ఎప్పుడు వచ్చి కూర్చున్నాయో గుర్తు లేదు, కానీ వాటిని సమర్థించమంటే అరగంట ఆపకుండా మాట్లాడగలను.

ఆ అరగంట మాటే నన్ను కలవరపెట్టింది. పౌరుడంటే సమాచారం సేకరిస్తాడు, లాభనష్టాలు బేరీజు వేసుకుంటాడు, ఒక అభిప్రాయానికి వస్తాడు, దానికి తగ్గ పార్టీకి ఓటేస్తాడు అని మనం పుస్తకాల్లో చదువుకున్నాం. ఓటర్లను నిజంగా దగ్గర నుంచి గమనించినవాళ్లకు చాలాసార్లు ఆ వరుస తిరగబడి కనిపించింది. ముందు మన చుట్టూ ఉన్న మనుషులు, వాళ్లను బట్టి ఒక వైపు, ఆ వైపును బట్టి అభిప్రాయం, కారణాలు అన్నిటికన్నా ఆఖరున. అలాగని మన అభిప్రాయాలన్నీ ఉత్తవని అనేయడానికి లేదు. ఈ వ్యవహారం నిజంగా చిక్కుముడిలాంటిదే, ఒక్కో పోగూ లాగి చూడాలి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మన తలలో ప్రతి అంశం మీదా ఒక అభిప్రాయం బీరువాలో ఫైలులాగా సిద్ధంగా ఉంటుందని, అడిగినప్పుడు తీసి చూపిస్తామని అనుకుంటాం. అమెరికాలో సిన్సినాటి యూనివర్సిటీ పరిశోధకులు 1970ల చివర్లో ఒక సర్వేలో 1975 నాటి ప్రజా వ్యవహారాల చట్టాన్ని రద్దు చేయాలా వద్దా అని అడిగారు. అలాంటి చట్టమే లేదు, వాళ్లు కల్పించింది. అయినా సుమారు మూడో వంతు మంది రద్దు చేయాలనో వద్దనో ఏదో ఒకటి చెప్పారు. వాళ్లు అబద్ధం ఆడారని నేను అనుకోను. పేరు వినగానే ప్రభుత్వం మీద అప్పటికే ఉన్న నమ్మకమో అపనమ్మకమో ఆ ప్రశ్నకు అంటుకుంది, అంతే.

ఫిలిప్ కాన్వర్స్ అనే రాజకీయ శాస్త్రవేత్త 1964లో బయటపెట్టిన సంగతి ఇంకా ఇబ్బంది పెట్టేది. 1956, 1958, 1960 సంవత్సరాల్లో అవే మనుషుల్ని అవే ప్రశ్నలు అడిగితే, కొన్ని అంశాల మీద చాలామంది జవాబులు ఒకసారి చెప్పినదానికీ తర్వాత చెప్పినదానికీ పొంతన లేకుండా, నాణెం ఎగరేసి చెప్పినట్టున్నాయి. దీన్ని తర్వాత జాన్ జాలర్ అనే ఇంకో రాజకీయ శాస్త్రవేత్త ఇంకాస్త సానుభూతితో వివరించాడు. మనలో ఒక అంశం మీద ఒక్క అభిప్రాయం ఉండదు, అటూ ఇటూ లాగే మాటలు బోలెడు పోగుపడి ఉంటాయి, అడిగిన క్షణానికి ఏవి పైన ఉంటే వాటిని కలిపి జవాబు చెప్తాం అన్నాడు. నిన్న రాత్రి ఏ వార్త చూశామో, ప్రశ్న ఏ మాటలతో అడిగారో, అంతకు ముందు ప్రశ్న ఏమిటో అన్నీ తూకాన్ని మారుస్తాయి. 1941లోనే అచ్చయిన ఒక పరిశీలన ఉంది. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలు ఇవ్వడాన్ని నిషేధించాలా అని కొందరిని, అనుమతించాలా అని ఇంకొందరిని అడిగారు. నిషేధించాలన్నవాళ్ల కంటే అనుమతించకూడదన్నవాళ్లు చాలా ఎక్కువమంది తేలారు. రెండింటి ఫలితం ఒకటే, కానీ నిషేధం అన్న మాట పలకడానికి జనం వెనకాడారు.

అందుకే ఇంత శాతం మంది ఫలానాదాన్ని సమర్థిస్తున్నారు అన్న హెడ్‌లైన్ చూడగానే నేను ముందు ప్రశ్న ఎలా అడిగారో వెతుకుతాను. అది దొరకకపోతే ఆ శాతాన్ని పట్టించుకోను.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఇన్ని అంశాల మీద ఇంత గాలివాటంగా ఉండే మనుషులు, ఓటు దగ్గరికి వచ్చేసరికి ఏళ్ల తరబడి ఒకే పార్టీ వెంట ఎలా నడుస్తారు? ఎందుకంటే అంశాల మీద అభిప్రాయాలు పైపైన ఉంటాయి, మనవాళ్లెవరు అన్నది లోతుగా ఉంటుంది. అది చాలావరకు ఇంట్లోనే మొదలవుతుంది. 1965లో అమెరికాలో హైస్కూల్ చివరి ఏడాది పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని విడివిడిగా అడిగి పోల్చి చూశారు, కెంట్ జెన్నింగ్స్, రిచర్డ్ నీమీ అనే ఇద్దరు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు బాగా దిగినది పార్టీ మీద అభిమానం. విధానాల మీద అభిప్రాయాలు చాలా అంశాల్లో అంతగా దిగలేదు. ఆలోచిస్తే సహజమే అనిపిస్తుంది. ఏ తండ్రీ పిల్లల్ని కూర్చోబెట్టి పన్నుల విధానం చెప్పడు. టీవీలో ఒక నాయకుడు కనబడగానే తండ్రి ముఖం ఎలా మారిందో, ఎవరి పేరు వింటే ఇంట్లో గొంతులు లేస్తాయో పిల్లలు చూస్తూ ఉంటారు. బొమ్మ ముందు పడుతుంది, అక్షరాలు తర్వాత ఎక్కుతాయి. నా కాగితం మీద మా నాన్న పేరున్న ఐదు అంశాల్లో ఒక్కదాని గురించి కూడా ఆయన నాకు వివరించిన గుర్తు లేదు.

ఇంటి ముద్ర చెరగనిదేమీ కాదు, దాన్ని మార్చేది తరచుగా పద్దెనిమిదికీ పాతికకీ మధ్య కలిసే మనుషులు. దీనికి నాకు తెలిసినంతలో మంచి సాక్ష్యం బెన్నింగ్టన్ కాలేజీ. 1930లలో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో కొత్తగా పెట్టిన చిన్న మహిళా కాలేజీ అది. ఎక్కువమంది బాగా డబ్బున్న, సంప్రదాయవాద కుటుంబాల అమ్మాయిలు, పాఠాలు చెప్పేవాళ్లేమో ఎక్కువమంది ఉదారవాదులు. 1936 అధ్యక్ష ఎన్నికల్లో థియొడోర్ న్యూకూంబ్ అనే సామాజిక మనస్తత్వవేత్త లెక్క తీస్తే, మొదటి ఏడాది విద్యార్థినుల్లో 62 శాతం మంది తమ ఇళ్లలోలాగే రిపబ్లికన్ అభ్యర్థి వైపున్నారు. పై తరగతుల్లో అది 15 శాతం. ఆ అమ్మాయిలు వాదనలు విని మారిపోయారని అనుకోవచ్చు, కొంత నిజమే. కానీ న్యూకూంబ్ గమనించింది ఇంకోటి ఉంది. కాలేజీలో కలిసిపోయినవాళ్లు, తోటివాళ్ల గౌరవం పొందినవాళ్లు ఎక్కువ మారారు, ఇంటి మీదే మనసు పెట్టుకుని కాలేజీతో అంటీముట్టనట్టు ఉన్నవాళ్లు తక్కువ మారారు. అవే క్లాసులు, అవే పుస్తకాలు. పాతికేళ్లు గడిచాక ఆయన మళ్లీ వాళ్లను వెతికి పట్టుకుంటే చాలామంది ఆ కాలేజీ అభిప్రాయాలతోనే ఉన్నారు, వాళ్లకు దొరికిన భర్తలు, స్నేహితులు కూడా అదే తరహా. అభిప్రాయాన్ని మనుషులు ఇచ్చారు, మనుషులే నిలబెట్టారు.

పార్టీ సంగతి ఇంకా సూటిగా తేల్చినవాడు జెఫ్రీ కోహెన్. 2003లో వచ్చిన ఆయన పరిశోధనలో కాలేజీ విద్యార్థులకు ఒక సంక్షేమ పథకం వివరాలు ఇచ్చారు. కొందరికి బాగా ఉదారంగా ఉన్న పథకం, కొందరికి బాగా బిగించిన పథకం. పార్టీల పేర్లు చెప్పనప్పుడు ఉదారవాదులు మొదటిదాన్ని, సంప్రదాయవాదులు రెండోదాన్ని మెచ్చుకున్నారు. దీన్ని మీ పార్టీ సమర్థిస్తోంది అని ఒక్క ముక్క చేర్చేసరికి పథకంలో ఏముందన్నది దాదాపు పక్కకు పోయింది, తమ పార్టీ ఏదంటే అదే బాగుంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది తర్వాతి ముక్క. నీ నిర్ణయం మీద దేని ప్రభావం ఉందని అడిగితే వాళ్లు పథకం వివరాలనే చెప్పారు, పార్టీ పేరు చూసి మారేది ఇతరులే అనుకున్నారు.

ఇంతవరకు చదివి ఓటర్లంటే గొర్రెల మంద అనుకునేవాళ్లతో నేను గట్టిగా విభేదిస్తాను. ఆంథొనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1957లోనే ఒక మామూలు నిజం చెప్పాడు. కోట్లమంది ఓటేసే చోట నా ఒక్క ఓటు ఫలితాన్ని మార్చే అవకాశం దాదాపు శూన్యం, కాబట్టి ప్రతి బిల్లూ చదివి అర్థం చేసుకోవడానికి పెట్టే శ్రమకు నాకు విడిగా దక్కే ప్రతిఫలం ఏమీ లేదు. పని, పిల్లలు, అప్పులు, ఆరోగ్యం మధ్య బతికే మనిషి నమ్మదగిన మనిషి మాట మీద ఆధారపడటం బుద్ధి తక్కువతనం ఎలా అవుతుంది? డాక్టరు రాసిన మందులో ఏముందో తెలుసుకునే వేసుకుంటున్నామా? 1988లో కాలిఫోర్నియాలో బీమా సంస్కరణల మీద ఒకేసారి ఐదు ప్రతిపాదనలు ఓటుకు వచ్చాయి, ఒకదాన్ని మించి ఇంకోటి గజిబిజి. ఆర్థర్ లూపియా పరిశీలిస్తే, వివరాలేవీ పెద్దగా తెలియకపోయినా బీమా కంపెనీలు దేని వైపున్నాయో మాత్రం తెలిసిన ఓటర్లు, అన్నీ చదివిన ఓటర్లు ఎలా వేశారో దాదాపు అలాగే వేశారు. కంపెనీలకు ఏది లాభమో తెలిస్తే తమకు ఏది నష్టమో వాళ్లు పోల్చుకోగలిగారు.

కాబట్టి అడ్డదారి ఉండటంలో తప్పులేదు. అది ఎవరి గుమ్మం దాకా తీసుకెళ్తోంది, ఆ మనిషికి తెలుసా, ఆ మనిషి మన మంచి కోరుతున్నాడా అన్నది చూసుకోవాలి. మనకు నష్టం చేయాలనుకునేవాళ్లు కూడా సరిగ్గా ఈ నమ్మకం మీదే పని చేస్తారు.

పత్రికలు, రేడియో జనం మెదళ్లను నేరుగా మార్చేస్తాయని ఒకప్పుడు చాలామంది భయపడేవాళ్లు. 1940లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఈరీ కౌంటీలో 600 మంది ఓటర్లను మే నుంచి నవంబర్ దాకా నెలనెలా పలకరించింది, ప్రచారం ఓటరును ఎలా మారుస్తుందో కళ్లారా చూద్దామని. మారినవాళ్లు చాలా తక్కువమంది తేలారు. ప్రచారం చాలావరకు ఉన్న అభిప్రాయాన్ని గట్టిపరిచింది, లోపల నిద్రపోతున్నదాన్ని లేపింది. చివరిదాకా ఊగిసలాడినవాళ్లు పేపరు కంటే ఎక్కువగా మనుషుల పేర్లు చెప్పారు, ఇంట్లోవాళ్లు, తోటి పనివాళ్లు. వార్తలు శ్రద్ధగా చూసే కొద్దిమంది ముందు తెలుసుకుంటారు, వాళ్ల నోటి మీదుగా మిగతావాళ్లకు చేరుతుంది. ఇప్పటి ఫోన్ గ్రూపుల్లో జరిగేదీ అదే. ముక్కూమొహం తెలియని చోట నుంచి వచ్చిన వీడియోను మనం నమ్మం, దాన్ని పంపిన అన్నయ్యను నమ్ముతాం.

అలాగని మీడియా బలం తక్కువని కాదు, అది ఇంకో దారిలో పని చేస్తుంది. 1968 అమెరికా ఎన్నికల సమయంలో చాపెల్ హిల్ అనే పట్టణంలో మాక్స్‌వెల్ మెకోంబ్స్, డొనాల్డ్ షా ఇంకా నిర్ణయించుకోని 100 మంది ఓటర్లను దేశంలో ముఖ్యమైన సమస్యలేవని అడిగి, వాళ్లు చెప్పిన వరుసను అక్కడి వార్తల్లో ఆ సమస్యలకు దక్కిన చోటుతో పోల్చారు. రెండూ చాలా దగ్గరగా సరిపోయాయి. వార్తలు మన జవాబును మార్చలేకపోయినా ప్రశ్నను నిర్ణయిస్తాయి. 1980లలో షాంటో అయ్యంగార్, డొనాల్డ్ కిండర్ దీన్ని ప్రయోగంగా చేసి చూపించారు. టీవీ వార్తల్లో రక్షణ రంగం గురించి కొన్ని అదనపు కథనాలు కలిపి కొన్ని రోజులు చూపిస్తే, చూసినవాళ్లకు ఆ సమస్య పెద్దదిగా కనిపించడమే కాదు, అధ్యక్షుడికి మార్కులు వేసేటప్పుడు కూడా ఆ రంగంలో ఆయన పనితీరుకే ఎక్కువ విలువ ఇచ్చారు. ధరల గురించి మాట్లాడుకోవాల్సిన ఎన్నికను వేరే దేనిగురించో మాట్లాడుకునేలా చేయగలిగితే, ఒక్క ఓటరు అభిప్రాయాన్నీ మార్చకుండానే ఫలితాన్ని మార్చొచ్చు. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే.

సోషల్ మీడియాలో మనకు ఏ పోస్టు ముందు చూపాలో తేల్చే అల్గారిథమ్‌ల గురించి రెండు మాటలు. 2020 అమెరికా ఎన్నికలప్పుడు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వాడే వేలమందికి అల్గారిథమ్ తీసేసి పోస్టులు వచ్చిన వరుసలోనే మూడు నెలలు చూపించారు. వాళ్లు చూసేది మారింది, అక్కడ గడిపే సమయం తగ్గింది, రాజకీయ వైఖరుల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. మూడు నెలల్లో కనబడలేదంటే పదేళ్లలోనూ ఉండదని నేను అనను. ఒకే మాటను మళ్లీ మళ్లీ వింటే అది నిజమే అనిపించడం పెరుగుతుందని 1977 నుంచీ తెలుసు.

ఇక మౌనం. దీని గురించి తక్కువ మాట్లాడతాం, అభిప్రాయాల తయారీలో దీని పాత్ర పెద్దది. సోలొమన్ ఆష్ 1950లలో చేసిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు. గదిలో కొందరు కూర్చుని గీతల పొడవులు పోల్చాలి, ఒక్కరు తప్ప అందరూ ఆష్ మనుషులే, వాళ్లంతా కావాలని ఒకే తప్పు చెప్తారు. ఆ ఒక్క మనిషికి కళ్లెదుట తేడా కనిపిస్తూనే ఉంటుంది, అయినా అలాంటి సందర్భాల్లో సుమారు మూడో వంతు జవాబులు గుంపుతో పాటే తప్పుగా వచ్చాయి. గీతల పొడవు విషయంలోనే ఇలా ఉంటే రాజకీయాల్లో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 1974లో జర్మన్ పరిశోధకురాలు ఎలిజబెత్ నోయెల్ నాయ్‌మన్ దీన్ని ఒక సిద్ధాంతంగా చెప్పింది. తమ మాట తక్కువమంది మాట అనిపించినవాళ్లు నోరు మెదపరు, మెదపకపోయేసరికి ఆ మాట ఇంకా తక్కువమందిది అనిపిస్తుంది, అలా సుడి తిరుగుతూ ఒక వైపు గొంతులే వినిపిస్తాయి. ఇంటిల్లిపాదీ ఉన్న గ్రూపులో ఒకరిద్దరు రోజూ పోస్టులు పెడుతుంటే మిగతా ఇరవైమందీ ఒప్పుకున్నట్టే అనిపిస్తుంది కదా, విడిగా ఫోన్ చేసి మాట్లాడితే వాళ్లలో సగం మంది వేరేగా అనుకుంటూ ఉండొచ్చు. ఆష్ ప్రయోగంలో జనం తక్కువగా గుర్తుపెట్టుకునే భాగం ఇంకోటి ఉంది. గదిలో ఇంకొక్కరంటే ఒక్కరు సరైన జవాబు పైకి చెప్పినా, ఆ మనిషి గుంపుకు లొంగడం బాగా పడిపోయింది.

స్వార్థం సంగతి త్వరగా చెప్పేస్తాను. ప్రతివాడూ తన జేబు చూసుకునే ఓటేస్తాడన్న మాట వినడానికి బాగుంటుంది, లెక్కల్లో అంతగా నిలవదు. డొనాల్డ్ కిండర్, రోడరిక్ కీవియట్ 1981లో చూపించింది ఏమిటంటే, తన ఇంటి ఆర్థిక పరిస్థితి కంటే దేశం ఆర్థిక పరిస్థితి ఎలా ఉందనుకుంటున్నాడో దానికే ఓటుతో ఎక్కువ సంబంధం ఉంది. ఇంట్లో ఏం జరుగుతోందో మనకు నేరుగా తెలుసు, దేశంలో ఏం జరుగుతోందో ఎవరో చెప్తే తెలుస్తుంది. అంటే ఇక్కడ కూడా చెప్పేవాళ్ల చేతిలోకే వెళ్తున్నాం.

మరి నిజాలు చెప్తే జనం మారరా? 1979లో మరణశిక్షను సమర్థించేవాళ్లకూ వ్యతిరేకించేవాళ్లకూ అనుకూలంగా ఒకటి, వ్యతిరేకంగా ఒకటి, రెండు పరిశోధనలు చదవమని ఇచ్చారు. రెండు వర్గాలూ తమకు నచ్చినదాన్ని మంచి పరిశోధన అన్నారు, నచ్చనిదాంట్లో లోపాలు వెతికారు, అవే కాగితాలు చదివి తమ పాత అభిప్రాయం ఇంకా బలపడిందని చెప్పారు. కొన్నేళ్ల క్రితం దాకా, తప్పును సరిదిద్దితే జనం మొండికేసి ఆ తప్పునే ఇంకా గట్టిగా నమ్ముతారని కూడా ప్రచారంలో ఉండేది. అది అంత నిజం కాదని తర్వాత తేలింది, థామస్ వుడ్, ఈథన్ పోర్టర్ 2019లో 52 అంశాల మీద చూస్తే అలా మొండికేయడం దాదాపు కనబడలేదు. నిజం చెప్తే జనం వింటారు, ఒప్పుకుంటారు కూడా. కానీ ఒక నాయకుడు చెప్పిన అంకె తప్పని ఒప్పుకున్నాక కూడా ఆ నాయకుడి మీద అభిమానం అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆ అభిమానం ఆ అంకె మీద కట్టింది కాదు.

మొదట చెప్పిన స్వీడన్ దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఆ తరహా ప్రయోగాన్నే 2018లో వచ్చిన ఇంకో పరిశోధన కొనసాగించింది, మార్చిన జవాబుల ప్రభావం ఎన్నాళ్లుంటుందో చూద్దామని. వారం తర్వాత కూడా ఉంది. అందులో కూడా, మార్చిన జవాబు చూసి ఊరుకున్నవాళ్ల కంటే దాన్ని తమ నోటితో వివరించినవాళ్లలో మార్పు ఎక్కువ. దీని దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కారణాలు ఆఖరున వస్తాయని పైన రాశాను, కానీ ఆఖరున వచ్చినవి ఊరికే అలంకారంగా కూర్చోవు. మనం పైకి చెప్పిన కారణం మనల్ని కట్టేస్తుంది. విన్న మాట వారానికి పోతుంది, మన నోటితో మనం చెప్పిన మాట మనదైపోతుంది.

మోసానికి పనికొచ్చిన ఈ గుణమే నిజాయితీగా జరిగే మార్పుకూ పనికొస్తుందా? దీని వెనక ఒక పెద్ద కథ ఉంది. ఇంటింటికీ వెళ్లి కాసేపు మాట్లాడితే జనం అభిప్రాయాలు శాశ్వతంగా మారతాయని 2014 చివర్లో ఒక ప్రసిద్ధ సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చి సంచలనమైంది. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా అనే ఇద్దరు యువ పరిశోధకులు అలాంటిదే చేద్దామని మొదలుపెట్టి, ఆ పాత లెక్కలు చూసి అనుమానపడి, అందులోని సమాచారం నిజమైనది కాదని బయటపెట్టారు. 2015లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. వాళ్లు అక్కడితో ఆగకుండా తమ ప్రయోగం పూర్తి చేశారు. మయామీలో కార్యకర్తలు ఓటర్ల తలుపులు తట్టి ట్రాన్స్‌జెండర్ల హక్కుల గురించి పది నిమిషాలు మాట్లాడారు. మాట్లాడారు అనడం కంటే మాట్లాడించారు అనాలి. అంకెలు చెప్పలేదు, మీరు చేస్తున్నది తప్పు అనలేదు. మీరు వేరేగా ఉన్నారని ఎవరైనా మిమ్మల్ని తక్కువగా చూసిన సందర్భం ఉందా అని అడిగారు, వాళ్లు చెప్తుంటే విన్నారు, దాన్ని ఇప్పుడు మాట్లాడుకుంటున్న విషయంతో వాళ్లనే కలిపి చూడమన్నారు. ఆ పద్ధతి నిజంగానే పని చేసింది, మార్పు కనీసం మూడు నెలలు నిలిచింది.

దీనికి పక్కనే పెట్టి చూడాల్సింది వాళ్లిద్దరిదే ఇంకో ప్రయోగం. 2020 సెప్టెంబర్‌లో సంప్రదాయవాదుల వైపు మొగ్గే ఫాక్స్ న్యూస్ ఛానల్‌ను రోజూ చూసేవాళ్లలో కొందరికి డబ్బిచ్చి ఒక నెలపాటు దానికి భిన్నమైన సీఎన్ఎన్ చూడమన్నారు. చూశారు, కొత్త సంగతులు తెలుసుకున్నారు, కొన్ని అభిప్రాయాలు మారాయి కూడా. డబ్బివ్వడం ఆపగానే పాత ఛానల్‌కి తిరిగి వెళ్లారు, మార్పు చాలావరకు కరిగిపోయింది. నెలంతా విన్నది కరిగిపోయింది, పది నిమిషాలు మాట్లాడింది నిలిచింది. రెండు వేర్వేరు ప్రయోగాలు, వేర్వేరు అంశాలు, నేరుగా పోల్చడం పూర్తిగా న్యాయం కాదని తెలుసు, అయినా నా మనసులో అవి పక్కపక్కనే ఉండిపోయాయి.

దేశం మొత్తానికి ఇలాంటిది జరిగిన ఉదాహరణ ఐర్లండ్. 1983లో అక్కడి ప్రజలు గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించే సవరణను రాజ్యాంగంలో చేర్చారు, అనుకూలంగా 66.9 శాతం. దాన్ని తీసేసే మాటెత్తడానికి చాలామంది నాయకులు ఏళ్ల తరబడి భయపడ్డారు. 2016లో ప్రభుత్వం 99 మంది మామూలు పౌరుల్ని ఎంపిక చేసి పౌర సభ ఏర్పాటు చేసింది, అధ్యక్షురాలిగా సుప్రీంకోర్టు న్యాయమూర్తి మేరీ లాఫోయ్. ఐదు వారాంతాలు వాళ్లు డాక్టర్లను, లాయర్లను, నీతిశాస్త్రం చదివినవాళ్లను, రెండు వైపులా ఉద్యమకారుల్ని విన్నారు, చిన్న చిన్న బల్లల చుట్టూ కూర్చుని మాట్లాడుకున్నారు. చివరికి వాళ్లు చేసిన సిఫార్సులు చాలామంది నాయకులు ఊహించినదానికంటే ఎంతో ఉదారంగా ఉన్నాయి, ప్రజలు ఇంత దూరం రారని అన్నారు. 2018 మే 25న రెఫరెండం జరిగితే 66.4 శాతం మంది ఆ సవరణను తీసేయాలని ఓటేశారు. ఆ ముప్పై అయిదేళ్లలో దేశంలో చాలా మారింది, చర్చి పట్టు సడలింది, తమ కథలు బయటికి చెప్పుకున్న ఆడవాళ్ల ధైర్యం ఉంది, 99 మందే అంతా చేశారని అనను. కానీ దేశం ఎటు ఉందో నాయకుల కంటే ముందు ఆ బల్లల దగ్గరే కనిపించింది.

నా కాగితం మీద మాస్టారి పేరున్న అంశం ఏమిటంటే, ఓటు తప్పనిసరి చేయాలి, వేయనివాళ్లకు జరిమానా ఉండాలి. ఆస్ట్రేలియాలో 1924 నుంచి ఆ పద్ధతి ఉందని ఆయన క్లాసులో ఎంత ఉత్సాహంగా చెప్పారో నాకు ఇప్పటికీ గుర్తు. కాలేజీలో నా గదిలో ఉన్న ఆ స్నేహితుడికి ఇది మొదటి నుంచీ గిట్టదు, దీని మీద ఏళ్ల తరబడి ఇద్దరం అరుచుకున్నాం. ఈమధ్య ఫోన్ చేసి, ఎందుకు ఒప్పుకోవు అని అడగలేదు, నీకు అలా మొదటిసారి ఎప్పుడు అనిపించింది అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్లమ్మ గురించి చెప్పాడు. ఓటు రోజున ఇంట్లో మగవాళ్లు చెప్పిన గుర్తుకే వేయాల్సి వచ్చేదట, ఒక ఏడాది ఆమె జ్వరం అని చెప్పి మంచం దిగలేదట. తన జీవితంలో తన ఇష్టప్రకారం చేసిన ఓటు అదొక్కటేనని ఆవిడ చాలా ఏళ్ల తర్వాత కొడుకుతో అందట. ఇన్నేళ్ల వాదనల్లో వాడు ఈ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను అడగలేదు కాబట్టి. కాగితం తీసి ఆ అంశం దగ్గర మాస్టారి పేరు పక్కన ఆవిడ గురించి రాసుకున్నాను. జరిమానా ఉండాలన్న మాటను కొట్టేయలేదు, కానీ ముందులా గట్టిగా చెప్పలేకపోతున్నాను.